గేమింగ్ కంప్యూటర్ విడిభాగాల పొంతన

వేర్వేరు సంస్థలు తయారుచేసిన ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ (విద్యుత్ సరఫరా పెట్టె), క్యాబినెట్ ఒకే యంత్రంలో ఇమిడి, ఒకదానినొకటి గుర్తించి, తమ పూర్తి సామర్థ్యంతో పనిచేయగలగడాన్ని విడిభాగాల పొంతన అంటారు. సిద్ధంగా అమ్మే కంప్యూటర్లలో ఈ బాధ్యత తయారీ సంస్థదే కాబట్టి కొనేవారు దాని గురించి ఆలోచించనక్కరలేదు; విడిభాగాలు ఏరుకొని అసెంబుల్డ్ కంప్యూటర్ కూర్చుకొనేటప్పుడు ఆ బాధ్యత కొనేవారి మీద పడుతుంది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు అది మరీ బరువవుతుంది. అదనపు స్లాట్లు, మిగులు వాట్లు, రకరకాల తరాల ప్రాసెసర్లను ఆదుకొనే సదుపాయాలు వంటి వెసులుబాట్లన్నీ ఖరీదైన విడిభాగాలలో ఉంటాయి, ధర తగ్గించే క్రమంలో ముందుగా కత్తెర పడేది వాటికే.

పొంతన మూడు అంచెల్లో ఉంటుంది. ఒక విడిభాగం మరొకదానిలో భౌతికంగా అమరడం మొదటి అంచె, అమరినది ఆన్ అయి నడవడం రెండో అంచె, నడిచేది తనకున్న శక్తినంతటినీ చూపగలగడం మూడో అంచె. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది మీట నొక్కగానే తేలిపోతుంది. మూడోది మాత్రం పోల్చి చూడడానికి మరో యంత్రం పక్కన లేకపోతే బయటపడదు కనుక, తొలిసారి కూర్చుకొనేవారు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. ఈ వ్యాసం ప్రధానంగా 2017 తరవాత తక్కువ ఖర్చు యంత్రాలకు ఆధారమైన రెండు వేదికలను, అంటే ఏఎమ్‌డీ సంస్థ ఏఎమ్‌4 సాకెట్‌ను, ఇంటెల్ సంస్థ ఎల్‌జీఏ 1700 సాకెట్‌ను, ఉదాహరణలుగా తీసుకొంటుంది.

ప్రమాణాల నేపథ్యం

విడిభాగాలు కొని కూర్చుకొనే పద్ధతికి మూలం 1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటర్. దాని సర్క్యూట్ పటాలను సంస్థ తానే ప్రచురించడంతో ఇతరులు దానిలో ఇమిడే కార్డులను, తరవాత దానిని పోలిన యంత్రాలనే తయారుచేయగలిగారు. మదర్‌బోర్డు కొలతలను, బిగింపు రంధ్రాల స్థానాలను, విద్యుత్ కనెక్టర్లను నిర్దేశించే ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో ప్రకటించింది. ఈనాటి క్యాబినెట్లలో ఎక్కువ భాగం దానినీ, దానినుంచి పుట్టిన మైక్రో ఏటీఎక్స్‌నూ అనుసరించేవే. గ్రాఫిక్స్ కార్డుల కోసం 1990ల చివర వచ్చిన ఏజీపీ స్లాటు స్థానాన్ని 2004 నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆక్రమించింది. ఇవన్నీ పరిశ్రమ అంతటికీ ఉమ్మడి ప్రమాణాలు కాగా, ప్రాసెసర్ సాకెట్ మాత్రం ఆ ఉమ్మడితనాన్ని పోగొట్టుకొంది. 1990ల మధ్యలో సాకెట్ 7 మీద ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు రెండూ అమరేవి. 1997లో ఇంటెల్ స్లాట్ 1కు మారాక ఇద్దరి దారులూ వేరయ్యాయి. అందువల్ల కంప్యూటర్ కూర్పులో తొలి నిర్ణయం ప్రాసెసర్ ఏ సంస్థది, ఏ సాకెట్‌ది అన్నదే అవుతుంది, మిగిలిన ఎంపికల్లో సగం దానితోనే ఖాయమవుతాయి.

సాకెట్, చిప్‌సెట్, బయాస్

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చొనే గూటిని సాకెట్ అంటారు. ఏఎమ్‌4లో 1331 పిన్‌లు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. ఎల్‌జీఏ రకంలో పిన్‌లు సాకెట్‌లో ఉండి, ప్రాసెసర్ అడుగున చదునైన లోహపు బిందువులు మాత్రమే ఉంటాయి. ఎల్‌జీఏ తరవాతి అంకె ఆ పిన్‌ల సంఖ్య. అంకె కలిసినంత మాత్రాన పొంతన కుదిరినట్లు కాదనడానికి ఎల్‌జీఏ 1151 చక్కని నిదర్శనం. 2015లో వచ్చిన ఈ సాకెట్ పేరే 2017లో వచ్చిన ఎనిమిదో తరం కోర్ ప్రాసెసర్లకూ కొనసాగినా, అవి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డుల మీద తప్ప అంతకుముందరి 100, 200 శ్రేణుల బోర్డుల మీద నడవవు. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా ఇమిడిపోతుంది, తెర మీద బొమ్మ మాత్రం రాదు. వాడిన విడిభాగాల అంగళ్లలో ఈ గందరగోళం నేటికీ తీరలేదు.

చిప్‌సెట్ అన్నది మదర్‌బోర్డు మీద ఉండి యూఎస్‌బీ, సాటా వంటి అనుసంధానాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్. ఏ ప్రాసెసర్లను బోర్డు ఆమోదిస్తుంది, ర్యామ్ వేగాన్ని పెంచుకోనిస్తుందా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఏ తరం వరకు అందుతుంది అన్నవి చిప్‌సెట్‌ను బట్టి మారతాయి. ఎల్‌జీఏ 1700లో హెచ్610 అతి చవకైనది. దానిలో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, ర్యామ్‌ను ప్రాసెసర్ అధికారిక పరిమితికి మించిన వేగంతో నడపడం కుదరదు. కొంచెం ఎక్కువ పెట్టి కొనే బీ660, బీ760 బోర్డులలో ఈ కట్టడి లేదు. ప్రాసెసర్ గడియారపు వేగాన్ని పెంచుకొనే ఓవర్‌క్లాకింగ్ అవకాశం మాత్రం ఇంటెల్ వేదికలో పేరు చివర 'కే' అక్షరమున్న ప్రాసెసర్లకు, 'జెడ్' అక్షరంతో మొదలయ్యే చిప్‌సెట్లకు పరిమితం. తొలి బడ్జెట్ యంత్రానికి ఈ రెండూ అనవసరపు ఖర్చే, వీటిలో ఒకటి మాత్రమే కొన్నవారికి ఆ ఖర్చుకు తగిన ఫలం కూడా దక్కదు.

బయాస్ అంటే మదర్‌బోర్డు మీది చిన్న జ్ఞాపకశక్తి చిప్‌లో నిలవ ఉండి, మీట నొక్కగానే విడిభాగాలను మేలుకొలిపి పరీక్షించే ప్రోగ్రాము. బోర్డు తయారైన తరవాత విడుదలైన ప్రాసెసర్‌ను గుర్తించాలంటే బయాస్‌ను తాజా రూపానికి మార్చాలి. ఏఎమ్‌4 చరిత్ర దీనికి పెద్ద పాఠం. 2017లో మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లతో విస్తృత వాడుకలోకి వచ్చిన ఈ సాకెట్, 2020 చివర వెలువడిన 5000 శ్రేణి వరకు కొనసాగింది. కాని అన్ని ప్రాసెసర్ల వివరాలూ పట్టేంత చోటు పాత బోర్డులలోని 16 మెగాబైట్ల బయాస్ చిప్‌లకు లేకపోవడంతో, కొత్తవాటికి చోటిచ్చేందుకు కొన్ని పాత ప్రాసెసర్ల మద్దతును తొలగించవలసి వచ్చింది. 5000 శ్రేణి ప్రాసెసర్లు 500 శ్రేణి చిప్‌సెట్లకే పరిమితమని 2020 మే నెలలో చెప్పిన ఏఎమ్‌డీ, కొనుగోలుదారుల నిరసనతో బీ450, ఎక్స్470 బోర్డులకూ, 2022లో 300 శ్రేణికీ ఆ మద్దతును విస్తరించింది. దీనివల్ల రైజెన్ 5 5600 వంటి ప్రాసెసర్ 2017 నాటి బోర్డు మీద కూడా నడవవచ్చు, అయితే బయాస్ మార్చిన తరవాతే.

చిక్కు ఎక్కడంటే, బయాస్ మార్చాలంటే కంప్యూటర్ ఆన్ కావాలి, కంప్యూటర్ ఆన్ కావాలంటే బయాస్ గుర్తించే ప్రాసెసర్ ఉండాలి. పాత ప్రాసెసర్‌ను తాత్కాలికంగా పెట్టి ఈ పని ముగించే దుకాణాలున్నాయి; ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయాస్ ఎక్కించుకొనే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులలో ఉంటుంది. ఎల్‌జీఏ 1700లోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. పన్నెండో తరం కోర్ ప్రాసెసర్లతో పుట్టిన 600 శ్రేణి బోర్డులు పదమూడు, పద్నాలుగో తరాల ప్రాసెసర్లను బయాస్ మార్పు తరవాతే ఆమోదిస్తాయి. బోర్డు తయారీ సంస్థ ప్రకటించే మద్దతు పట్టికలో ప్రతి ప్రాసెసర్ ఎదుట కనీస బయాస్ సంఖ్య రాసి ఉంటుంది కనుక, పెట్టె మీది బొమ్మల కన్నా, అమ్మకందారు మాట కన్నా ఆ పట్టికే ప్రమాణం.

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాలను కూడా చదవగలగాలి. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే ఆ ప్రాసెసర్‌లో తెరకు బొమ్మను పంపే అంతర్గత గ్రాఫిక్స్ వాడుకకు ఉండవు; ఏఎమ్‌4 రైజెన్‌లో ఇందుకు విరుద్ధంగా 'జీ' ఉన్నవాటిలోనే అంతర్గత గ్రాఫిక్స్ ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు తరవాత కొనవచ్చనే ఆలోచనతో కోర్ ఐ3 12100ఎఫ్‌ను కొన్నవారి యంత్రం అంతవరకు చీకటి తెరతోనే ఉంటుంది. అటువంటి ప్రణాళిక ఉన్నవారికి రైజెన్ 5 5600జీ వంటిది తగినది, దాని పరిమితులు వేరే ఉన్నా.

ర్యామ్

ర్యామ్ తరాలు ఒకదాని స్లాటులో మరొకటి ఇమడవు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్‌లే ఉన్నా, అంచున ఉండే గాడి స్థానం వేరు, పనిచేసే వోల్టేజీ వేరు. ఏఎమ్‌4 డీడీఆర్4కూ, 2022లో వచ్చిన ఏఎమ్‌5 డీడీఆర్5కూ పరిమితం. ఎల్‌జీఏ 1700 ప్రాసెసర్లు రెండింటినీ అంగీకరిస్తాయి గాని మదర్‌బోర్డు మాత్రం సాధారణంగా ఒకదానికే తయారవుతుంది. దాదాపు ఒకే పేరుతో అమ్ముడయ్యే రెండు బోర్డులలో ఒకటి డీడీఆర్4కు, మరొకటి డీడీఆర్5కు ఉండడం వల్ల కొనేముందు పేరు చివరి అక్షరం వరకు చదవడం అవసరం.

ఇంతకన్నా తరచుగా జరిగే నష్టం ఒకే ర్యామ్ ముక్కతో సరిపెట్టుకోవడం. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య రెండు దారులుంటాయి. డీడీఆర్4 3200 ముక్క ఒకటే పెడితే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు పెడితే 51.2 గిగాబైట్లు ప్రయాణించే వీలుంటుంది. అంతర్గత గ్రాఫిక్స్ ర్యామ్‌నే తమ జ్ఞాపకశక్తిగా వాడుకొంటాయి కనుక 5600జీ వంటి ప్రాసెసర్‌తో ఈ తేడా ఆటలో స్పష్టంగా కనబడుతుంది. 16 జీబీ ముక్క ఒకటి కన్నా 8 జీబీ ముక్కలు రెండు మేలు. నాలుగు స్లాట్లున్న బోర్డులో వాటిని ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్థానాల్లో పెట్టడం సాధారణ నియమం. పెట్టె మీద రాసిన వేగం కూడా దానంతట అది రాదు, బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ అనే అమరికను ఎంచుకొనేవరకు చాలా ముక్కలు తక్కువ వేగంతోనే నడుస్తాయి.

గ్రాఫిక్స్ కార్డు

గేమింగ్ కంప్యూటర్ బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే, అది సబబే కూడా. కార్డు అమరే పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు రూపం తరాలు మారినా మారలేదు. పాత బోర్డులో కొత్త కార్డు, కొత్త బోర్డులో పాత కార్డు దాదాపు ఎప్పుడూ నడుస్తాయి. ఈ సౌలభ్యమే కొనుగోలుదారుని ఏమరపాటుకు గురిచేస్తుంది. స్లాటులో సమాచారం ప్రవహించే జతతీగల దారులను లేన్‌లు అంటారు. పొడవాటి స్లాటులో 16 లేన్‌లకు చోటున్నా, ఖర్చు తగ్గించిన కార్డులు ఎనిమిదింటిని, కొన్ని నాలుగింటిని మాత్రమే వాడుకొంటాయి. తరం మారినప్పుడల్లా ఒక్కో లేన్ వేగం రెట్టింపవుతుంది కనుక, నాలుగు లేన్‌ల కార్డు నాలుగో తరం స్లాటులో సెకనుకు దాదాపు 8 గిగాబైట్లు అందుకొంటే మూడో తరం స్లాటులో దాదాపు 4 మాత్రమే అందుకొంటుంది.

2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ. దానికి లేన్‌లు నాలుగే, సొంత జ్ఞాపకశక్తి 4 జీబీయే. ఆటలోని దృశ్య సమాచారం 4 జీబీలో పట్టనప్పుడు మిగిలినది కంప్యూటర్ ర్యామ్ నుంచి ఆ నాలుగు లేన్‌ల మీదుగానే రావాలి. మూడో తరం స్లాటులో ఆ దారి సగానికి సగం ఇరుకు కావడంతో ఆట తడబడుతుంది. బీ450, ఏ520 బోర్డులు గ్రాఫిక్స్ కార్డుకు మూడో తరాన్నే అందిస్తాయి. బీ550 బోర్డు నాలుగో తరాన్ని అందించగలిగినా, దానిలో రైజెన్ 5 5500ను గాని 5600జీని గాని పెడితే ఆ ప్రాసెసర్లే మూడో తరానికి పరిమితం కావడం వల్ల స్లాటు వేగం మళ్లీ పడిపోతుంది. బోర్డు, ప్రాసెసర్, కార్డు మూడూ విడివిడిగా చవక ఎంపికలే, మూడూ కలిసి నడుస్తాయి కూడా. అయినా కార్డుకు పెట్టిన డబ్బులో కొంత ఎక్కడా కనబడకుండా కరిగిపోతుంది. ఇదే డబ్బుకు దగ్గరలో వాడిన ఆర్‌ఎక్స్ 6600 దొరికితే, ఎనిమిది లేన్‌లు, 8 జీబీ జ్ఞాపకశక్తి ఉన్న ఆ కార్డు పాత బోర్డు మీద కూడా పెద్దగా నష్టం లేకుండా పనిచేస్తుందని చెప్పవచ్చు.

ఇంటెల్ ఆర్క్ కార్డుల సంగతి మరో రకం. ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకశక్తి మొత్తాన్ని ఒకేసారి చేరుకోగల రీసైజబుల్ బార్ అనే సదుపాయం మీద ఇవి బాగా ఆధారపడతాయి. అది లేని పాత యంత్రాలలో వీటి వేగం గణనీయంగా పడిపోతుంది కనుక ఇంటెల్ పదో తరం, రైజెన్ 3000 శ్రేణి లేదా వాటి తరవాతి ప్రాసెసర్లను ఆ సంస్థే సూచించింది. 2024 డిసెంబరులో వచ్చిన ఆర్క్ బీ580, 12 జీబీ జ్ఞాపకశక్తితో ఆకర్షించినా, బలహీనమైన ప్రాసెసర్ల పక్కన దాని డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాము) భారం ఎక్కువై వేగం తగ్గుతున్నట్లు సమీక్షకులు గుర్తించారు.

ప్రాసెసర్‌కూ కార్డుకూ ఉండవలసిన సమతూకం గురించి కొనుగోలుదారులు అవసరానికి మించి భయపడతారు. ఏది వెనకబడుతుందన్నది ఆటను, తెరను బట్టి మారుతుంది. వలొరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలను 144 హెర్ట్జ్ తెర మీద ఆడేవారికి ప్రాసెసర్ వేగం కీలకం. భారీ దృశ్యాలున్న ఆటలను 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆడేవారికి గ్రాఫిక్స్ కార్డే హద్దు గీస్తుంది. తెర కూడా పొంతనలో భాగమే. ఇంట్లో ఉన్న పాత మానిటర్‌కు వీజీఏ పోర్టు మాత్రమే ఉంటే, ఇప్పటి కార్డులలో హెచ్‌డీఎమ్‌ఐ, డిస్‌ప్లేపోర్టు మాత్రమే ఉంటాయి గనుక, సంకేతాన్ని మార్చే కన్వర్టర్ కొనవలసి ఉంటుంది.

విద్యుత్ సరఫరా

భారతదేశంలో విద్యుత్ సరఫరా పెట్టెను ఎస్‌ఎమ్‌పీఎస్ అనే పిలుస్తారు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా ఇది మారుస్తుంది. క్యాబినెట్‌తో పాటు దాదాపు ఉచితంగా వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద పెద్ద అంకె ముద్రించి ఉన్నంత మాత్రాన గేమింగ్ యంత్రానికి పనికిరాదు. ఆధునిక ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు శక్తిని దాదాపు అంతా 12 వోల్టుల తీగ నుంచే తీసుకొంటాయి కాబట్టి, పెట్టె పక్కన అతికించిన పట్టికలో ఆ తీగ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చూసి, 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 80 ప్లస్ ముద్ర తీసుకొన్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా అందుతుందో చెబుతుందే గాని, షార్ట్ సర్క్యూట్ రక్షణ గురించి గాని వోల్టేజీ నిలకడ గురించి గాని హామీ ఇవ్వదు. తొలి యంత్రంలో పొదుపుకు తగని చోటు ఒకటి చెప్పమంటే అది ఇదే.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. 65 వాట్ల శ్రేణికి చెందిన రైజెన్ 5 5600 గరిష్ఠంగా 76 వాట్ల వరకు తీసుకొంటుంది, ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకొంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు మరో 50 వాట్లు కలిపినా మొత్తం 260 దాటదు. గ్రాఫిక్స్ కార్డు లిప్తపాటు అంతకన్నా ఎక్కువ లాగుతుందనీ, ముందుముందు కార్డు మార్చవచ్చనీ తలిస్తే నాణ్యమైన 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ చాలు. ఇంటెల్‌లో 65 వాట్లని రాసి ఉన్న కోర్ ఐ5 12400 గరిష్ఠ వినియోగం 117 వాట్లు కనుక రెండో అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

గ్రాఫిక్స్ స్లాటు 75 వాట్ల వరకు ఇవ్వగలదు, ఆరు పిన్‌ల తీగ మరో 75, ఎనిమిది పిన్‌ల తీగ 150 వాట్లు అదనంగా ఇస్తాయి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్‌ల తీగ, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్‌ల తీగ చూపుకు ఒకేలా కనిపించినా వాటి ప్లస్, మైనస్ స్థానాలు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా దూర్చకూడదనే వాటి ప్లాస్టిక్ మూలలను వేరువేరుగా చెక్కారు. తీగలను విడదీయగల మాడ్యులర్ ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో పెట్టె వైపు అమరికకు ప్రమాణమేదీ లేదు. ఒక సంస్థ తీగను మరో సంస్థ పెట్టెకు తగిలిస్తే డిస్కులు, బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది. విడిభాగాల పొంతనలో నిజంగా వస్తువును నాశనం చేయగల తప్పులు తక్కువ, వాటిలో ఇది మొదటిది.

తెలుగు రాష్ట్రాల్లో కరెంటు కోతల కారణంగా యూపీఎస్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దాని మీద రాసే వీఏ సంఖ్య, వాట్ల సంఖ్య ఒకటి కావు. సాధారణ 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల వరకే మోయగలదు, మానిటర్‌ను కూడా కలుపుకొని ఆట మధ్యలో ఆ హద్దు దగ్గరపడుతుంది. కరెంటు పోయినప్పుడు చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల తరంగంతో కొన్ని నాణ్యమైన ఎస్‌ఎమ్‌పీఎస్‌లు ఇమడలేక ఆగిపోవడం కూడా కద్దు.

నిల్వ, కూలర్, క్యాబినెట్

ఎమ్.2 అన్నది ఎస్‌ఎస్‌డీ ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సెకనుకు దాదాపు 550 మెగాబైట్లకు మించని సాటా రకం, దానికి అనేక రెట్లు వేగమైన ఎన్‌వీఎమ్‌ఈ రకం రెండూ ఉంటాయి. స్లాటు ఏ రకాన్ని ఆమోదిస్తుందో బోర్డు పుస్తకంలో చూడాలి. కొన్ని బోర్డులలో ఎమ్.2 స్లాటు నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు మూతపడతాయి.

రైజెన్ 5 5600, ఐ5 12400ఎఫ్ వంటి ప్రాసెసర్ల పెట్టెలోనే కూలర్ వస్తుంది, తొలి యంత్రానికి అది సరిపోతుంది. పాత కూలర్‌ను వాడదలచినవారు ఎల్‌జీఏ 1700 బిగింపు రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లనీ, అంతకుముందరి 1200, 1151లలో అది 75 అనీ గమనించాలి. క్యాబినెట్ విషయంలో చూడవలసిన కొలతలు మూడు: బోర్డు పరిమాణం, గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు. ముందు భాగమంతా గాజుతో మూసిన క్యాబినెట్ అందంగా ఉన్నా గాలిని ఆపేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల గదిలోని గాలే వేడిగా ఉండడంతో, జాలీ ముఖం ఉన్న క్యాబినెట్‌కు, దుమ్ము వడపోతకు విలువ ఎక్కువ.

వాడిన ఆఫీసు కంప్యూటర్లు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్ వంటి కంప్యూటర్ బజార్లలో కార్యాలయాలు వదిలించుకొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి. వాటికి గ్రాఫిక్స్ కార్డు చేర్చి గేమింగ్ యంత్రంగా మార్చుకోవడం విద్యార్థులలో వాడుకగా ఉన్న మార్గం, మంచిదే, కాని పొంతన చిక్కులు ఇక్కడ ఇంకా దట్టంగా ఉంటాయి. ఇటువంటి యంత్రాల మదర్‌బోర్డు, ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్ తరచు ఆ సంస్థ సొంత కొలతలతో తయారవుతాయి గనుక ఏటీఎక్స్ ఎస్‌ఎమ్‌పీఎస్ కొని తగిలించడం నేరుగా కుదరదు. కాబట్టి స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డులకు పరిమితం కావాలి. జీటీఎక్స్ 1650లో అదనపు తీగ అవసరం లేని రకాలు, 2024లో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఈ కోవలోనివి. సన్నని క్యాబినెట్‌కు సగం ఎత్తు కార్డు కావాలి. ఆ ఎత్తులో సులువుగా దొరికే 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400కు లేన్‌లు నాలుగే ఉండడం వల్ల, మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న ఏ పాత యంత్రాలలో అది భౌతికంగా చక్కగా ఇముడుతుందో వాటిలోనే దాని వేగం తగ్గుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఈ యంత్రాలకు హద్దు గీస్తుంది. 2021లో వచ్చిన విండోస్ 11 అధికారికంగా టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయాన్ని, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 శ్రేణి నుంచి పైబడిన ప్రాసెసర్‌ను కోరుతుంది; విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించుకొన్నా, వలొరంట్ ఆట ఆ వ్యవస్థ మీద టీపీఎమ్ 2.0తో పాటు సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేసి ఉంటేనే నడుస్తుంది. అందువల్ల నాలుగో తరం ఐ5 యంత్రం ఎంత చవకగా దొరికినా, దానిని ఏ ఆట కోసం కొంటున్నారన్న దాని మీద ఆ బేరం నిలవడమో పడిపోవడమో ఆధారపడి ఉంటుంది.